డ్రోన్ వీడియో స్మూత్‌గా రావాలంటే: మా అమ్మమ్మ ఇంటి మీద నేర్చుకున్న పాఠాలు

మూడు బ్యాటరీలు ఖాళీ చేసి సుమారు 40 నిమిషాల ఫుటేజ్ తీశా. అందులో వాడుకోగలిగింది 11 సెకన్లు. నా మొదటి డ్రోన్ షూట్ రిజల్ట్ ఇది.

కోనసీమలో మా అమ్మమ్మ వాళ్ళది పాత మండువా ఇల్లు. నాలుగు వైపులా పెంకుల కప్పు, మధ్యలో వాన నేరుగా పడే మండువా. సంక్రాంతి అయ్యాక దాన్ని పడగొట్టి డాబా కట్టాలని మావయ్యలు డిసైడ్ అయ్యారు. ఆ లోపు ఇంటిని పైనుంచి ఒకసారి బాగా వీడియో తీసి దాచుకోవాలనేది నా ప్లాన్. మా ఆఫీస్‌లో ఒకతను 2021లో కొన్న డీజేఐ మినీ 2ని సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని, డిసెంబర్‌లో ఒక వీకెండ్ ఊరెళ్ళా.

ఆ సాయంత్రం హాల్లో టీవీకి పెట్టి చూపించా. అమ్మమ్మ రెండు నిమిషాలు చూసి, "ఒక్కచోట ఆగవేంట్రా? ఇల్లు చూసేలోపే తిప్పేస్తున్నావు. కళ్ళు తిరుగుతున్నాయి" అంది. మావయ్య ఇంకో మాట అన్నాడు: "ఈగ తీసినట్టుందిరా."

ఇద్దరూ కరెక్టే. సంక్రాంతికి మళ్ళీ వెళ్ళేలోపు ఒక నెల టైమ్ ఉంది. తర్వాత ఇల్లు ఉండదు కాబట్టి థర్డ్ టేక్ లేదు. ఆ నెలలో నేను మార్చుకున్నవే ఈ ఆర్టికల్. డ్రోన్ మార్చలేదు. కొత్తగా కొన్నది ఒక ఫిల్టర్ సెట్, విరిగిన వాటి బదులు ప్రొపెల్లర్లు, అంతే.

గింబల్ ఏం చేస్తుంది, ఏం చేయదు

"3-యాక్సిస్ గింబల్ ఉంది కదా, వీడియో దానంతటదే స్మూత్‌గా వస్తుంది" అనుకోవడం నా మొదటి తప్పు. గాలికి డ్రోన్ ఊగినా, ముందుకు వెళ్ళడానికి ముక్కు దించినా, కెమెరాను లెవెల్‌గా ఉంచడం గింబల్ పని. మోటార్ల వైబ్రేషన్‌ను కూడా కొంతవరకు తగ్గిస్తుంది.

కానీ మీరు స్టిక్‌ను ఒక్కసారిగా పక్కకు తోస్తే అది కుదుపు అని గింబల్‌కు తెలియదు. మీరు కావాలనే తిప్పమన్నారు అనుకుంటుంది, తిప్పుతుంది. సింపుల్‌గా చెప్పాలంటే గింబల్ గాలిని సరిచేస్తుంది, మన బొటనవేలిని సరిచేయదు. నా ఫుటేజ్‌లో ప్రాబ్లమ్ అంతా బొటనవేలిదే.

ఒక్కటి తప్ప. కొన్ని క్లిప్స్‌లో ఇంటి గోడలు జెల్లీలా అలలు అలలుగా కదిలాయి. డ్రోన్‌ను వెనక్కి నడుపుతూ ఒక కొబ్బరి మట్టకు తగిలించా. పడలేదు కదా అని అలాగే ఎగరేశా. తర్వాత చూస్తే రెండు ప్రొపెల్లర్ల అంచులు చిట్లి ఉన్నాయి. ప్రొపెల్లర్ దెబ్బతింటే వైబ్రేషన్ పెరుగుతుంది. సెన్సర్ ఫ్రేమ్‌ను పైనుంచి కిందికి వరుస వరుసగా చదువుతుంది కాబట్టి ఆ వైబ్రేషన్ అలల్లా కనిపిస్తుంది. దీన్ని ఎడిటింగ్‌లో పూర్తిగా పోగొట్టడం దాదాపు కుదరదు. అందుకే ప్రతి ఫ్లైట్‌కు ముందు ప్రొపెల్లర్ల అంచుల మీద వేలు పెట్టి చూడండి. గరుగ్గా తగిలితే మార్చేయండి.

టేకాఫ్‌కు ముందే చేయాల్సిన సెట్టింగ్స్

సినీ మోడ్: మినీ 2లో స్పోర్ట్ మోడ్ గరిష్ఠ వేగం సెకనుకు 16 మీటర్లు, నార్మల్‌లో 10, సినీలో 6. సినీ మోడ్‌లో వేగంతో పాటు స్టిక్స్‌కు డ్రోన్ స్పందించే తీరు కూడా నెమ్మదిస్తుంది. డిసెంబర్‌లో నేను తీసింది ఎక్కువగా స్పోర్ట్ మోడ్‌లో. ఇప్పుడు రికార్డింగ్ అంటే సినీ మోడ్ మాత్రమే. ఒక జాగ్రత్త: ఎదురుగాలి గట్టిగా ఉంటే ఈ మోడ్‌లో వెనక్కి రావడం చాలా లేట్ అవుతుంది. షాట్ అయిపోగానే మోడ్ మార్చి రప్పించండి.

గింబల్ పిచ్: కెమెరాను పైకీ కిందికీ వంచే వేగం యాప్‌లోని గింబల్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. స్పీడ్ బాగా తగ్గించి, స్మూత్‌నెస్ పెంచండి. వీల్ వదిలేసినప్పుడు కెమెరా టక్కున ఆగకుండా మెల్లగా ఆగాలి.

ఫ్రేమ్ రేట్, షట్టర్: నేను 4కే, 25 ఎఫ్‌పీఎస్‌లో తీస్తా. షట్టర్ స్పీడ్ ఫ్రేమ్ రేట్‌కు రెట్టింపు ఉండాలనేది సినిమా కెమెరాల నుంచి వచ్చిన పాత రూల్. అంటే 25కు 1/50. అప్పుడు కదిలే వస్తువుల మీద కొంచెం బ్లర్ వస్తుంది. ఆ బ్లర్ వల్లే ఒక ఫ్రేమ్ నుంచి ఇంకో ఫ్రేమ్‌కు కదలిక కలిసిపోయినట్టు కనిపిస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/50లో తీస్తే వీధి లైట్లు మినుకుమినుకుమనే సమస్య కూడా తగ్గుతుంది.

ఎన్‌డీ ఫిల్టర్: మినీ 2 అపర్చర్ ఎఫ్/2.8, అది మారదు. మంచి ఎండలో ఐఎస్ఓ 100 దగ్గర సరైన ఎక్స్‌పోజర్‌కు షట్టర్ దాదాపు 1/3200 కావాలి. మనకు కావాల్సింది 1/50. 3200ను 50తో భాగిస్తే 64. ఎన్‌డీ 64 అంటే కాంతిలో 64వ వంతు మాత్రమే లోపలికి పంపే నల్ల కళ్ళద్దం అన్నమాట. పొద్దున 7 గంటల ప్రాంతంలో వెలుతురు తక్కువ కాబట్టి నాకు ఎన్‌డీ 16 సరిపోయింది.

అన్ని షాట్లకూ ఫిల్టర్ కావాలా? అక్కర్లేదు. 80 మీటర్ల ఎత్తులో కింద ఉన్నవి ఎలాగూ మెల్లగా కదులుతాయి, బ్లర్ తేడా తెలియదు. చేను మీదుగా 4, 5 మీటర్ల ఎత్తులో వెళ్ళేటప్పుడు మాత్రం తేడా క్లియర్‌గా కనిపిస్తుంది. బడ్జెట్ లేకపోతే ఫిల్టర్లు తర్వాత కొనండి, ముందు మిగతావి నేర్చుకోండి.

ఆటో అన్నీ ఆఫ్: వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ రెండూ మాన్యువల్‌లో పెట్టి లాక్ చేయండి. ఆటోలో ఉంటే, చేలో నీళ్ళ మీద ఎండ మెరవగానే ఫ్రేమ్ మొత్తం నల్లబడుతుంది. మళ్ళీ చెట్ల మీదికి రాగానే తెల్లబడుతుంది. కదలిక ఎంత స్మూత్‌గా ఉన్నా, వెలుగు ఇలా ఎగిరిపడితే కళ్ళకు అది కుదుపులాగే అనిపిస్తుంది.

స్పీడ్ ఎంత ఉండాలి? చిన్న లెక్క

"మెల్లగా తిప్పండి" అని అందరూ చెప్తారు. ఎంత మెల్లగా? నాకు నంబర్ కావాలి.

కెమెరామెన్‌లు వాడే ఒక బండ గుర్తు ఉంది: పక్కకు తిప్పేటప్పుడు, ఫ్రేమ్‌లో ఒక చివర కనిపించిన వస్తువు రెండో చివరకు చేరడానికి కనీసం 7 సెకన్లు పట్టాలి. మినీ 2 లెన్స్ అడ్డంగా సుమారు 70 డిగ్రీలు చూస్తుంది. 70ని 7తో భాగిస్తే సెకనుకు 10 డిగ్రీలు. అంటే డ్రోన్ తన చుట్టూ తాను పూర్తిగా తిరగడానికి 36 సెకన్లు. డిసెంబర్ క్లిప్స్ చూసి లెక్కేస్తే నేను 8 సెకన్లలో ఒక చుట్టు తిప్పేశా. కళ్ళు తిరగవా మరి!

ముందుకు వెళ్ళే వేగం ఎత్తును బట్టి ఉంటుంది. రైల్లో కూర్చుంటే పక్కనున్న కరెంటు స్తంభాలు పరుగెడతాయి, దూరంగా ఉన్న కొండ మాత్రం కదిలినట్టే ఉండదు. ఇక్కడా అంతే. 50 మీటర్ల ఎత్తులో సెకనుకు 10 మీటర్లు, 5 మీటర్ల ఎత్తులో సెకనుకు 1 మీటరు, రెండూ స్క్రీన్ మీద దాదాపు ఒకే స్పీడ్‌లా కనిపిస్తాయి. కాబట్టి కిందికి దిగే కొద్దీ స్పీడ్ తగ్గించాలి. కెమెరాను నిలువుగా కిందికి పెట్టి 20 మీటర్ల ఎత్తులో తీస్తే, ఫ్రేమ్‌లో ముందూ వెనకా కలిపి సుమారు 16 మీటర్ల నేల పడుతుంది. సెకనుకు 2 మీటర్ల వేగంతో వెళ్తే దాన్ని దాటడానికి దాదాపు 8 సెకన్లు పడుతుంది. అంటే సేఫ్.

వేళ్ళకు ట్రైనింగ్

స్టిక్‌ను బొటనవేలితో పైనుంచి తోయకుండా, బొటనవేలు, చూపుడువేలు రెండింటితో చిటికెలా పట్టుకోండి. ఒక వేలు తోస్తుంటే రెండోది ఆపుతూ ఉంటుంది. కంట్రోల్ చాలా పెరుగుతుంది.

ఆ నెలలో నేను ఒకే ఒక్క ఎక్సర్‌సైజ్ చేశా. ఖాళీ మైదానంలో, స్టిక్‌ను 3 సెకన్లలో సున్నా నుంచి పావు వంతుకు తీసుకెళ్ళడం, అక్కడే 10 సెకన్లు కదలకుండా పట్టుకోవడం, మళ్ళీ 3 సెకన్లలో సున్నాకు తేవడం. చాలా బోర్. కానీ నాలుగు ఆదివారాలు చేశాక స్టిక్ ఎంత తోస్తే ఎంత స్పీడ్ వస్తుందో వేళ్ళకే తెలిసిపోయింది.

ఇంకో రూల్: ఒక షాట్, ఒక కదలిక. పైకి వెళ్తూ, తిరుగుతూ, కెమెరా వంచుతూ, ముందుకు... ఇవన్నీ ఒకేసారి చేస్తే ఏదో ఒకటి తడబడుతుంది. అన్నీ బాగా కుదిరినా చూసేవాళ్ళకు దేన్ని చూడాలో అర్థం కాదు. డిసెంబర్‌లో ఇల్లు ఫ్రేమ్‌లో దొరికే దాకా వెతుకుతూ అన్ని స్టిక్కులూ కదిపా. సంక్రాంతికి వెళ్ళేటప్పుడు నోట్‌బుక్‌లో ఆరు షాట్లు రాసుకుని వెళ్ళా. ఎక్కడ మొదలు, ఎక్కడ ఆగాలి, ఏ స్టిక్, అంతే.

నేను రాసుకున్న ఆరు షాట్లు

1. మండువా మీదుగా పైకి: కెమెరా నిలువుగా కిందికి. 12 మీటర్ల ఎత్తులో మండువాను సరిగ్గా మధ్యలో పెట్టి, ఎడమ స్టిక్ ఒక్కటే మెల్లగా పైకి. సెకనుకు 1 మీటరు చొప్పున 40 మీటర్ల దాకా. మొదట చీకటి చతురస్రంలా మండువా ఒక్కటే ఉంటుంది. తర్వాత నాలుగు వైపుల పెంకులు, దొడ్డి, కొబ్బరి తోట ఒక్కోటీ ఫ్రేమ్‌లోకి వస్తాయి.

2. గడ్డివాము వెనక నుంచి: డ్రోన్ వాము వెనక తక్కువ ఎత్తులో ఉంటుంది, ఫ్రేమ్ నిండా గడ్డే. నిటారుగా పైకి లేపితే వెనక ఇల్లు బయటపడుతుంది. దగ్గర వస్తువు, దూరపు వస్తువు రెండూ ఉంటేనే ఇలాంటి షాట్ పండుతుంది. ఆకాశంలోంచి ఉత్త మైదానం తీస్తే డ్రోన్ కదులుతోందో లేదో కూడా తెలియదు.

3. చేను మీదుగా ఇంటి వైపు: జనవరిలో మా వైపు దాళ్వా నాట్లు. మళ్ళలో నీళ్ళు అద్దంలా ఉంటాయి. 5 మీటర్ల ఎత్తులో సెకనుకు 1.5 మీటర్ల వేగంతో నేరుగా ముందుకు. ఒకే స్టిక్.

4. కొబ్బరి చెట్ల పక్కగా: డ్రోన్ ఖాళీ చేను వైపు ఉంటుంది, కెమెరా ఇంటి వైపు చూస్తుంది, మధ్యలో కొబ్బరి చెట్ల వరుస. కుడి స్టిక్ పక్కకు మాత్రమే. మొదళ్ళు చకచకా దాటిపోతుంటే వెనక ఇల్లు మెల్లగా జరుగుతుంది. మినీ 2కు పక్కల అడ్డంకుల్ని గుర్తుపట్టే సెన్సర్లు లేవు. అందుకే చెట్ల మధ్యలోంచి కాకుండా, చెట్లకు దూరంగా, ఖాళీ వైపు నుంచే తీయండి.

5. పావు చుట్టు: కుడి స్టిక్ ఎడమకు, ఎడమ స్టిక్ కుడికి. డ్రోన్ పక్కకు జరుగుతూ ఇంటినే చూస్తుంటుంది. 25 మీటర్ల దూరంలో పూర్తి వలయం 157 మీటర్లు. సెకనుకు 2 మీటర్లంటే పావు చుట్టుకే 20 సెకన్లు, అది చాలు. రెండు స్టిక్స్ కుదరకపోతే క్విక్‌షాట్స్‌లోని సర్కిల్ వాడండి, సిగ్గుపడక్కర్లేదు.

6. వెనక్కి, పైకి: చివరి షాట్. అమ్మమ్మ వీధి అరుగు మీద కూర్చుని ఉంటుంది, డ్రోన్ ఆమె నుంచి మెల్లగా దూరమవుతూ పైకి లేస్తుంది. డిసెంబర్‌లో కొబ్బరి మట్టకు తగిలింది ఈ షాట్‌లోనే, ఎందుకంటే వెనక ఏముందో మనకు కనిపించదు. ఈసారి అదే దారిలో ముందు డ్రోన్‌ను ఎదురు దిశలో ఒకసారి నడిపి చూసుకున్నా. మావయ్యను పక్కన నిలబెట్టి చెట్ల వైపు చూస్తూ ఉండమన్నా. ఎవరినైనా తీసేటప్పుడు డ్రోన్‌ను వాళ్ళ తల మీదికి తీసుకెళ్ళొద్దు, పక్కన దూరంగా ఉంచండి.

ప్రతి షాట్‌కూ కదలిక మొదలుపెట్టే ముందు 5 సెకన్లు, ఆపిన తర్వాత 10 సెకన్లు ఏమీ కదపకుండా రికార్డ్ చేశా. "ఒక్కచోట ఆగవేంట్రా" అన్న మాటకు నా జవాబు ఆ 10 సెకన్లే.

ఎగరేసే ముందు చెక్‌లిస్ట్

డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం 250 గ్రాముల లోపు డ్రోన్ నానో క్యాటగిరీ, దీనికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మినీ 2 బరువు 249 గ్రాముల లోపే. కానీ ఫిల్టర్ లాంటివి తగిలిస్తే 250 దాటే చాన్స్ ఉంది, తూకం వేసి చూసుకోండి. రిజిస్ట్రేషన్ సంగతి చూసుకోండి. డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ ఊరు ఏ జోన్‌లో ఉందో కూడా చూడండి. సాధారణ గ్రీన్ జోన్‌లో 120 మీటర్ల ఎత్తు వరకే. ఎయిర్‌పోర్టుల దగ్గర ఈ లిమిట్ ఇంకా తక్కువ. గోల్కొండ, గండికోట లాంటి పురావస్తు శాఖ కట్టడాల దగ్గర అనుమతి లేకుండా ఎగరేయొద్దు.

రిటర్న్ టు హోమ్ ఎత్తును చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తైన చెట్టు కన్నా ఎక్కువ పెట్టండి. మా తోట కోసం నేను 45 మీటర్లు పెట్టా. కరెంటు తీగలు స్క్రీన్‌లో కనిపించవు, నడిచి వెళ్ళి కళ్ళతో చూసుకోండి. గద్దలు చుట్టూ తిరుగుతుంటే దించేయండి. పండగ రోజుల్లో గాలిపటాల దారం ఇంకో డేంజర్. మంచు పూర్తిగా విడిచే దాకా ఆగండి, తేమ లెన్స్ మీద పడుతుంది, డ్రోన్‌కూ మంచిది కాదు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకు ముందే చెప్పండి. వాళ్ళ పెరట్లోకి కెమెరా తిప్పితే గొడవ జరగడం న్యాయమే.

ఒక్క విషయం మర్చిపోకండి: విదేశీ డ్రోన్ల దిగుమతిని ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది. ఉన్న డ్రోన్ పోతే అలాంటిదే ఇంకోటి కొనుక్కోవడం అంత ఈజీ కాదు.

ఎడిటింగ్, సౌండ్

కదలిక మొదలయ్యే చోట, ఆగే చోట స్పీడ్ మారుతున్న ముక్కల్ని కత్తిరించి, మధ్యలో నిలకడగా ఉన్న భాగాన్నే వాడండి. షాట్ చివర ఆగి ఉన్న సెకన్లు అవసరమైతే ఉంచండి. నేను డావిన్సీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ వాడా. 4కేలో తీసి 1080పీలో ఎక్స్‌పోర్ట్ చేస్తే, హొరైజన్ కొంచెం వంకరగా ఉన్నా సరిచేయడానికి చోటు మిగులుతుంది.

మినీ 2లో మైక్ లేదు, వీడియోకు సౌండ్ రాదు. చాలామంది ఏదో ఒక మ్యూజిక్ వేసేస్తారు. నేను ఫోన్‌లో విడిగా రికార్డ్ చేశా: వీధి తలుపు కిర్రుమనడం, దొడ్లో దూడ అరుపు, నూతి గిలక, వంటింట్లోంచి అమ్మమ్మ ఎవరినో పిలవడం. డ్రోన్ వీడియోకు ఇంతకన్నా మంచి ఆడియో దొరకదు.

ఫైనల్‌గా

కనుమ రోజు సాయంత్రం అదే హాల్లో, అదే టీవీలో 1 నిమిషం 40 సెకన్ల వీడియో పెట్టా. మొదటి షాట్ పైకి వెళ్ళి ఆగింది. అమ్మమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని, స్క్రీన్ మీద ఒక మూల వేలు పెట్టింది. "ఇక్కడ పెంకులు రంగు వేరేగా లేవూ? గాలివానకు ఎగిరిపోతే మీ తాతయ్య ఎక్కి నేసినవి."

నేను ఆ ఇంట్లో ఎన్ని వేసవి సెలవులు గడిపానో లెక్కలేదు, ఆ సంగతి మాత్రం నాకు తెలియదు. షాట్ అక్కడ 10 సెకన్లు ఆగింది కాబట్టి ఆమె చూడగలిగింది, చెప్పగలిగింది. ఫిబ్రవరిలో ఇల్లు పడగొట్టేశారు.

మీ దగ్గర డ్రోన్ ఉంటే వచ్చే ఆదివారం పొద్దున్నే ఒక్క బ్యాటరీ, మూడే షాట్లు ప్లాన్ చేసుకోండి. పేపర్ మీద రాసుకోండి, సినీ మోడ్‌లో పెట్టండి, ఒక్కో షాట్‌కు ఒక్కటే స్టిక్. తీశాక ఇంట్లో పెద్దవాళ్ళకు టీవీలో చూపించండి. కళ్ళు తిరుగుతున్నాయి అంటే ఇంకా స్పీడ్ తగ్గించాలి. ఫ్రేమ్‌లో ఏదో చూపిస్తూ మాట్లాడటం మొదలుపెడితే మీ షాట్ బాగా వచ్చినట్టే.